మోగని ట్రాన్స్‌ఫార్మర్

"అంత చప్పుడు లేకుండా ఉంటే, అది బతికుందో చచ్చిందో ఎలా తెలుస్తుందే?"

భ్రమరాంబ ఆ మాట అన్నప్పటికి అక్కడ ఇంకా ఏమీ జరగలేదు. స్విచ్చి వెయ్యనేలేదు. కాలేజీ వెనక రేకుల షెడ్డులో కూతురు హైమ మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు బిగిస్తోంది. అన్నం కారియరు చేత్తో పట్టుకుని, గడప దాటి రెండడుగులైనా లోపలికి వెయ్యకుండానే ఆవిడ అడిగేసింది. రబ్బరు చెప్పులు వేసుకునే వెళ్ళమని మొగుడు మరీ మరీ చెప్పి పంపాడు. వేసుకునే వచ్చింది. అయినా కాళ్ళ కింద నేలని నమ్మబుద్ధి కావడం లేదు.

ప్రొఫెసరు వేదాద్రి గారు పకపకా నవ్వారు. "చూశావా హైమా, లోకమంతా ట్రాన్స్‌ఫార్మర్ మోగితే భయపడుతుంది. మీ అమ్మగారు మోగకపోతే భయపడుతున్నారు."

"భయం కాదండీ, అడుగుతున్నా," అంది భ్రమరాంబ. భయమేనని ఆవిడకీ తెలుసు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కానీ లైన్‌మన్‌తో ఇరవై ఏడేళ్ళు కాపరం చేసింది. కరెంటు గురించి పుస్తకాల్లో లేని సంగతులు కొన్ని ఆవిడకి తెలుసు.

"ఇలా రా అమ్మా. ముందు పాతది చూడు." హైమ లేచి, గోడవారనున్న బూడిదరంగు పెట్టెకి కరెంటిచ్చింది. జుమ్మని కందిరీగల తుట్టె కదిలినట్టు మోత. "ముట్టుకో. నాన్నలా, చెయ్యి వెనకవైపుతో."

ముట్టుకుంది. పాలు కాచి దింపిన గిన్నెలా గోరువెచ్చగా ఉంది.

"ఊరంతా లైట్లార్పుకుని పడుకున్నా ఇది తింటూనే ఉంటుంది. రోజుకి మూడు యూనిట్లు. లోపలి ఇనుము సెకనుకి వందసార్లు సాగి ముడుచుకుంటుంది, ఆ ఒళ్ళు విరుపే ఈ మోత. ఎవరూ వాడకపోయినా ఇనుము తినేది అది. వాడేకొద్దీ తీగ తినేది ఇంకోటి. వాడకం రెట్టింపయితే తీగ నాలుగింతలు తింటుంది. మోతా, వేడీ, అంతా మనం పారబోసుకుంటున్న కరెంటే."

రెండోది చిన్నది, నీలం రంగుది. నాలుగేళ్ళుగా హైమ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా ఈ షెడ్డులో కూర్చుని చేసింది దీన్నే. లోహాన్ని కరిగించి, ఇనుములా గట్టిపడే తీరిక దానికివ్వకుండా రెప్పపాటులో చల్లార్చి, ఉల్లిపొర కన్నా పల్చగా రిబ్బనులా తీసి చుట్టింది. దాని తీగ కూడా కరెంటు తినని కొత్త రకమే. కరెంటివ్వగానే పైనున్న బల్బు వెలిగింది. అంతే. మోత లేదు. భ్రమరాంబ చెయ్యి వెనకవైపు ఆనించి చూసింది. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

"నష్టం సున్నా," అన్నారు వేదాద్రి గారు, దేవుడి పేరు చెప్పినట్టు.

హైమ ముందు బల్బు ఊడదీసి, తర్వాత స్విచ్చి కట్టేసింది. కారియరు అందుకోబోతుంటే తల్లి అంది:

"కట్టేశావుగా. మరి ఆ ముల్లు పడలేదేం?"

మీటరులో ముల్లు లేచే ఉంది. చిన్నగా వణుకుతోంది.

"అదా..." హైమ గొంతు కాస్త తగ్గింది. "ఊయల ఊపి వదిలేస్తే కాసేపటికి ఎందుకాగుతుంది? కొక్కెం దగ్గర రాపిడుంటుంది గనక. ఆ రాపిడే లేదనుకో, ఊగుతూనే ఉంటుంది. దీన్లో రాపిడి లేదమ్మా. మనం ఆపినా లోపలి కరెంటు ఊగుతూ ఉంటుంది. మొన్న తొమ్మిది నిమిషాలు ఊగింది."

"తొమ్మిది నిమిషాలే!"

"బల్బు ఉంచి ఆపితే రెప్పపాటులో పడిపోతుంది, బల్బే తాగేస్తుంది. ఏమీ లేకుండా వదిలేస్తేనే ఇలా." హైమ బల్ల సొరుగులోంచి అరచేతిలో పట్టే ముక్క ఒకటి తీసింది. పాత ఇనుప పలకల్ని కట్టగట్టి, రాగి తీగ చుట్టి, నల్లరంగు వేసింది. "దానికే ఇది చేశాను."

రెండు స్క్రూలతో దాన్ని బిగించి మళ్ళీ కరెంటిచ్చింది. ఈసారి నీలం పెట్టె జుమ్మంది. సన్నగా, చెవి దగ్గర పెడితే వినపడేంత. స్విచ్చి కట్టేస్తే మోతా ఆగింది, ముల్లూ దబ్బున పడింది.

భ్రమరాంబకి ఊపిరాడింది. "ఆఁ, ఇప్పుడు ప్రాణమున్న వస్తువులా ఉంది."

"అమ్మగారూ, ఆ ముక్క రోజుకి పావు యూనిట్ తింటుంది," అన్నారు వేదాద్రి గారు. "పావే కావచ్చు. కానీ మనం బ్యానరు మీద సున్నా అని రాయించాం. పైనుంచి వచ్చేవాళ్ళు చూసేది ఆ సున్నానే. పావు యూనిట్ తినేవి, అర యూనిట్ తినేవి ఇంకా నలుగురు చేస్తున్నారు. సున్నా మనదొక్కటే. తీసెయ్ హైమా."

"లోడు లేనప్పుడో సార్?"

"లోడు లేని ఊరుంటుందటమ్మా? ఎక్కడో ఒక ఫ్రిజ్జు, ఒక దోమల బిళ్ళ... అవే తాగేస్తాయి."

"మరప్పుడు ఎలా తెలుస్తుంది?" అని భ్రమరాంబ మళ్ళీ అడిగింది.

వేదాద్రి గారు వినిపించుకోలేదు. హైమ వింది. తల్లి వంక చూసింది కూడా. కానీ స్క్రూడ్రైవరు అందుకుంది.

*

చినమెరకలో భ్రమరాంబ మొగుడు పోతురాజు లైను చూస్తాడంటే జనానికి ధీమా. చెవితో చూస్తాడని పేరు. స్తంభం కింద నిలబడి తల ఒక పక్కకి వంచి, "మూడో ఫేజు మీద బరువెక్కువైంది," అనేవాడు. మీటరు పెట్టి చూస్తే నిజమే అయ్యేది. వాన వెలిశాక ఊళ్ళో ముందు ఆరేది ట్రాన్స్‌ఫార్మరేనని, అది ఆరలేదంటే లోపల ఏదో అయిందని పెళ్ళైన కొత్తలోనే భార్యకి చెప్పాడు. అప్పటినుంచీ వాన తగ్గగానే వీధి చివరికెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ ఆరిందో లేదో చూసి రావడం ఆవిడకి అలవాటు.

ఆవిడకి ఇంకో అలవాటుంది. ఆయన స్తంభం ఎక్కేముందు ఫోన్లో ఒక్క రింగిచ్చి పెట్టెయ్యాలి. దిగాక రెండు రింగులు. ఎత్తక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. ఒకటంటే ఎక్కుతున్నానని. రెండంటే దిగానని. ఆ రెండింటి మధ్య భ్రమరాంబ ఏ పనీ చెయ్యదు. చేతిలో చేటుంటే చేట, చీపురుంటే చీపురు అలాగే పట్టుకుని నిలబడుతుంది.

"ఇరవై ఏడేళ్ళలో నేను తిన్న షాకులకంటే నీ ఫోన్లకి నేను పడ్డ షాకులే ఎక్కువ," అని ఆయన దెప్పేవాడు.

"ఇరవై ఏడేళ్ళూ తిన్నగా దిగొచ్చారుగా? ఎవరి వల్లంటారు?"

"ఎర్త్ రాడ్డు వల్ల కాదూ?"

"రాడ్డు మీరు ఎన్నిసార్లు వేశారో నాకు తెలీదనుకోకండి."

ఆయన నవ్వేసేవాడు. పని మొదలెట్టేముందు ఇనుప కొక్కెమున్న పొడుగాటి కర్రని తీగకి తగిలించి, దాని గొలుసుని నేలలో దిగేసిన ఊచకి కట్టాలి. తీగలో ఏమైనా మిగిలుంటే భూమిలోకి పోతుంది. నియమమది. కానీ జనం మీద పడి తొందరపెడుతుంటే ఆయన చెవి పెట్టేవాడు, చెయ్యి వెనకవైపు ఆనించేవాడు, ఎక్కేసేవాడు. ఆయనొక్కడే కాదు, ఆ సెక్షన్లో అందరూ అంతే.

హైమ నీలం పెట్టెని మొదట పెట్టే చోటు చినమెరక రొయ్యల చెరువుల దగ్గరని తెలిసిన రోజు పోతురాజు ఇంటింటికీ వెళ్ళి చెప్పుకున్నాడు. భ్రమరాంబకి అన్నం సయించలేదు.

"వేరే ఊళ్ళో పెట్టొచ్చుగా?"

"మా నాన్న చేత్తో ఎక్కించాలని నేనే అడిగానమ్మా," అంది హైమ. "ఒక్కసారి... ఈ ఒక్కసారి సంతోషించవా? ఇంట్లో పొద్దస్తమానం ఇదే రొద. నాన్న అలవాటు పడ్డాడు గానీ నా వల్ల కాదు."

భ్రమరాంబ లేచి గిన్నెలు సర్దడం మొదలెట్టింది. ఆ పూటే వంటింట్లో కొత్తావకాయ జాడీ మూత ఎగదన్నుతుంటే, బరువుకని హైమ సంచీలోంచి బయటపడ్డ నల్లటి ముక్క ఒకటి తీసి మూత మీద పెట్టింది. అదేమిటో ఆలోచించే ఓపిక అప్పుడు లేదు.

*

పన్నెండు రోజులు అంతా బాగానే ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు ఇదివరకటికంటే హుషారుగా తిరుగుతున్నాయని రైతులన్నారు. పేపర్లో హైమ ఫొటో వేశారు. పోతురాజు మాత్రం ఆ స్తంభాల దగ్గరికెళ్ళొచ్చిన రోజల్లా భోజనం దగ్గర అదోలా ఉండేవాడు.

"బాగానే పనిచేస్తోంది. కానీ దాని కింద నిలబడితే... పలకరిస్తే పలకని మనిషి ముందు నిలబడ్డట్టుంది బ్రమరా."

పదమూడో రోజు పొద్దుటినుంచీ మబ్బు. ఎండ లేని రోజు చెరువులో గాలి చాలక రొయ్యలు ఉక్కిరిబిక్కిరవుతాయి, చక్రాలు ఒక్క అరగంట ఆగినా చచ్చి నీటి పైకి తేలిపోతాయి. పన్నెండు దాటాక ఉప్పుగాలికి పెట్టె పైనుండే తీగ ముక్క ఒకటి కాలి తెగింది. చక్రాలాగిపోయాయి.

పన్నెండూ ఇరవైకి భ్రమరాంబ ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఆవిడ బియ్యం కడుగుతోంది. గిన్నెలో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. ఎక్కడికెక్కాడో ఆవిడకి చెప్పక్కర్లేదు. మబ్బు చూసింది, అంతే.

పది నిమిషాలు. తెగిన తీగ మార్చడానికి పదిహేను పడుతుంది. పదిహేను నిమిషాలు. కడుగు నీళ్ళు చేతికి చల్లగా తగులుతున్నాయి. ఆ చల్లదనంతో పాటు షెడ్డులో నీలం పెట్టె మీద ఆనించిన చెయ్యి గుర్తొచ్చింది. బల్బు ఊడదీసిన హైమ చెయ్యి గుర్తొచ్చింది. ముందు బల్బు, తర్వాత స్విచ్చి.

ఈయన కూడా అంతే చేస్తాడు. ముందు కింది ఫ్యూజులు లాగేస్తాడు. ఇళ్ళకి, మోటార్లకి వెళ్ళే దారి తెంపేస్తాడు. ఆ తర్వాతే పై స్విచ్చి తెరుస్తాడు. ఇరవై ఏడేళ్ళుగా ఒక్కరోజు కూడా వరస తప్పలేదు. అదే జాగ్రత్తగా చేసే పద్ధతి. ఏ ఫ్రిజ్జూ, ఏ దోమల బిళ్ళా ఉండదు తాగెయ్యడానికి. ఊయల ఊగుతూనే ఉంటుంది.

తడిచేత్తోనే ఫోను నొక్కింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ. నాలుగోసారి ఎవరో ఎత్తారు.

"ఏవండీ! ముట్టుకోకండి, దాన్ని ముట్టుకోకండి!"

"అక్కా..." అవతల రొయ్యల రైతు ఏడుకొండలు గొంతు. వెనక జనం కేకలు. "అక్కా, నువ్వొక్కదానివీ బయల్దేరకు. బండి పంపిస్తున్నా."

*

ప్రాణం దక్కింది. నడుముకి కట్టిన తాడు పట్టి ఉంచింది, కింద పడలేదు. ఎడమచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

మూడో రోజు పోతురాజు నోరు విప్పాడు. "మోగలేదు బ్రమరా. చెవి పెట్టాను. చెయ్యి ఆనించాను, చల్లగా ఉంది. ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టుంటుంది. పైకెళ్ళాక కూడా ఒకసారి విన్నాను."

"మాట్లాడకండి."

"రాడ్డు బండికే ఉండిపోయింది. వాళ్ళు గోల పెడుతున్నారు, రొయ్యలు తేలుతున్నాయని. నేనే వెయ్యలేదు. నాదే తప్పు. పిల్లనేమీ అనకు, సరేనా? దాన్ని ఒక్క మాట కూడా అనకు."

ఆవిడ అనలేదు. అనడానికి హైమ ఎక్కడుంది? మంచం పక్కనే ఉంది, తండ్రికి జావ తాగించేది, దుప్పటి సర్దేది. కానీ ఆ రోజు నుంచీ నోట్లోంచి మాట రావడం లేదు. అడిగితే తలూపేది. మరీ అడిగితే వరండాలోకి వెళ్ళి నిలబడేది. భ్రమరాంబ తన జీవితంలో రాని కష్టాలన్నీ ముందే ఊహించి పెట్టుకున్న మనిషి. మొగుడు స్తంభం మీంచి పడటం, బస్సు బోల్తా పడటం, పాము, పిడుగు, వరద, అన్నీ. కూతురు మాట్లాడటం మానేస్తుందన్నది మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ లేదు.

ఆరో రోజు వేదాద్రి గారు బత్తాయిలు తీసుకుని వచ్చారు. నిజంగానే బాధపడ్డారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వెళ్ళేముందు వరండాలో భ్రమరాంబతో మెల్లగా అన్నారు:

"విచారణకి పిలుస్తారమ్మా. ఆయనే ఒప్పుకుంటున్నారుగా రాడ్డు వెయ్యలేదని. అంతవరకు చెప్తే చాలు. ఇంతకన్నా లోతుకి వెళ్తే హైమ చదువూ, పేరూ, నాలుగేళ్ళ కష్టం... ఆలోచించండి. వచ్చే నెల ఇలాంటివి ఇంకో నలభై ఎక్కిస్తున్నారు. ఆగకూడదు."

"నలభయ్యా?"

"నలభై ఊళ్ళు."

భ్రమరాంబ బత్తాయిల సంచీ పట్టుకుని అలాగే నిలబడింది. నలభై ఊళ్ళంటే నలభైమంది లైన్‌మన్లు. వాళ్ళందరికీ వాళ్ళ వాళ్ళ చెవులున్నాయి. వాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకరు ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటారు.

*

పదో రోజు బట్టలకని ఇంటికొచ్చింది. ఆయనకి చప్పిడి కూడు పెట్టి పెట్టి విసుగొచ్చి, కాస్త ఆవకాయ పట్టుకెళ్దామని జాడీ దగ్గరికెళ్ళింది. మూత మీద బరువు తియ్యబోయి ఆగింది.

పాత ఇనుప పలకలు. చుట్టూ రాగి తీగ. నల్లరంగు. అంచుకి నూనె అంటింది.

అరచేతిలో పెట్టుకుని చూసింది. ఎంత బరువని? పావుకిలో ఉంటుందేమో. ఇది ఆ స్తంభం మీద ఉంటే జుమ్మని మోగేది. స్విచ్చి తెరవగానే ఆగిపోయేది. ఆయన చెవికి తెలిసిపోయేది. ఆ పదమూడు రోజులూ ఇది నా పచ్చడికి కాపలా కాసింది.

"హైమా!"

గుమ్మంలో హైమ నిలబడి ఉంది. తల్లి చేతిలో ఏముందో చూసింది. ముఖం పాలిపోయింది.

"ఇది అదేనా?"

హైమ తలూపింది.

"అప్పుడే తీసి సంచీలో వేసుకున్నావా? మళ్ళీ పెడదామనే తెచ్చావా? లేక పారెయ్యడానికి చేతులు రాలేదా? ఏదో ఒకటి చెప్పవే తల్లీ. నేను తిట్టను. మీ నాన్న తిట్టొద్దన్నాడు."

హైమ గోడకానుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడవను కూడా ఏడవలేదు. భ్రమరాంబ ఆ ముక్కని చీర చెంగుతో తుడిచింది. నూనె పోలేదు. సబ్బు పెట్టి కడగబోయి, ఇనుము తుప్పు పడుతుందేమోనని మానేసి, సంచీలో వేసుకుంది.

*

విచారణ మర్నాడు సబ్‌స్టేషన్ ఆఫీసు గదిలో జరిగింది, పదకొండు గంటలకి. కిటికీ అవతల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు రెండు గురకపెట్టినట్టు మోగుతున్నాయి. విచారించడానికొచ్చిన ఇంజనీరు విశాలాక్షి గారు తలెత్తకుండా రాసుకునే మనిషి. పోతురాజుని ముందు కూర్చోబెట్టారు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఎర్త్ రాడ్డు వేశారా?"

"లేదండి. నాదే పొరపాటు."

"ఎందుకు వెయ్యలేదు?"

"మోగలేదు గదండీ. చచ్చిపోయిందనుకున్నా."

విశాలాక్షి గారు ఆ మాట దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆపారు. తర్వాత వేదాద్రి గారి వైపు తిరిగారు. "కింద ఫ్యూజులన్నీ తీసేసి, పై స్విచ్చి తెరిచాక కూడా ఇందులో ఓల్టేజి మిగిలే అవకాశం ఉందా? మీ ల్యాబులో అలా ఎప్పుడైనా జరిగిందా?"

"అలాంటి పరిస్థితి ల్యాబులో ఎదురవలేదు మేడం," అన్నారు వేదాద్రి గారు. "దురదృష్టం. నియమం పాటించి ఉంటే..."

భ్రమరాంబ గోడవార బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ మాట వినేసరికి ఒళ్ళో సంచీ మీద చేతులు బిగుసుకున్నాయి. తొమ్మిది నిమిషాలు. హైమ ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. కారియరులో పప్పు చల్లారిపోతుంటే ఆ ముల్లు వంకే చూస్తూ నిలబడింది.

"తయారు చేసింది మీరు గదా?" విశాలాక్షి గారు హైమని అడిగారు. "మీరు చెప్పండి. ఆయన చెప్పినట్టేనా? మీకు ముందు తెలియదా?"

హైమ నోరు తెరిచింది. మాట రాలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"రాసుకోమంటారా? తెలియదని?"

పోతురాజు వెనక్కి తిరిగి భార్యని చూశాడు. వద్దని కళ్ళతోనే బతిమాలుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ కాపరంలో ఆయన ఆవిడని ఇంతలా ఎప్పుడూ బతిమాలుకోలేదు. దాని బతుకు పాడు చెయ్యకు, చెయ్యి ఎలాగూ పోయింది, తప్పు నా మీద వేసుకుంటాను. ఆ చూపులో అంతా ఉంది.

భ్రమరాంబ ఆయన మీంచి చూపు తిప్పుకుంది. పిల్ల చెప్తే ఏమవుతుంది? ఉద్యోగం రాదు. పేపర్లో మళ్ళీ ఫొటో వేస్తారు, ఈసారి వేరే రకంగా. పోలీసులు కూడా వస్తారేమో. పిల్ల తట్టుకోలేక ఏమైనా చేసుకుంటే? ఆవిడ మనసు దాని అలవాటు ప్రకారం చివరంటా పరుగెత్తింది. చెప్పకపోతే ఏమవుతుందన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. అక్కడ నలభైమంది ఆడవాళ్ళు కడుగు నీళ్ళలో చేతులు పెట్టుకుని నిలబడి కనిపించారు. ఒక్క రింగు అయింది. రెండోది రాలేదు.

లేచింది. బల్ల దాకా నడిచింది.

"ఏంటమ్మా?" అన్నారు విశాలాక్షి గారు.

ఆవిడ సంచీలోంచి నల్లటి ముక్క తీసి బల్ల మీద పెట్టింది. ఆవకాయ వాసన గుప్పుమంది. వేదాద్రి గారు దాన్ని చూశారు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు, ఈసారి తుడుచుకోలేదు.

"నాకు చదువు లేదండీ," అంది భ్రమరాంబ ఇంజనీరమ్మతో. "మీ ప్రశ్నలు నాకర్థం కావు. నాదొకటే ప్రశ్న. అప్పుడడిగాను, రెండుసార్లు. ఎవరూ చెప్పలేదు." అని కూతురి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది. "హైమా. అది మోగకపోతే, బతికుందో చచ్చిందో ఎలా తెలుస్తుందే?"

విశాలాక్షి గారు పెన్ను బల్ల మీద పెట్టేశారు. పోతురాజు తల దించుకున్నాడు. "హైమా," అని వేదాద్రి గారు ఏదో అనబోయారు. విశాలాక్షి గారు అరచెయ్యి ఎత్తి ఆపారు. కిటికీ బయట పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు మోగుతూనే ఉన్నాయి. లోపలి ఇనుము సెకనుకి వందసార్లు ఒళ్ళు విరుచుకుంటోంది. తగ్గకుండా, తడబడకుండా, ఇక్కడ ప్రాణముంది, దగ్గరికి రాకండి అంటున్నట్టు. గోడ గడియారంలో పెద్దముల్లు ఒక గీత దాటింది. ఇంకో గీత దాటింది. భ్రమరాంబ బల్ల పక్కన అలాగే నిలబడింది, ఒక రింగుకీ రెండో రింగుకీ మధ్య నిలబడ్డట్టు.

హైమ చెయ్యి చాపి ఆ ఇనుప ముక్కని తీసుకుంది. రెండు చేతుల మధ్యా పట్టుకుంది. నూనె వేళ్ళకంటింది. పదకొండు రోజుల తర్వాత ఆ పిల్ల గొంతు బయటికొచ్చింది, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు.

"తెలియదమ్మా," అంది. "తెలియదని నాకు ఆ రోజే తెలుసు."